మరమ్మతు ఎవరి పని?

కారు చెడిపోయినప్పుడు మనమే బాగుచేసుకోవాలా, మెకానిక్కును పిలవాలా అన్నదానిని సాధారణంగా ఖర్చుకు సంబంధించిన ప్రశ్నగానే చూస్తారు. కూలి ఎంత, సామాను ఎంత, పోయే సమయం ఎంత అని లెక్క వేసుకుని ఎవరికి తోచిన నిర్ణయం వారు చేసుకుంటారు. ఇంత చిన్న గృహవిషయానికి విమర్శ వ్యాసాల పత్రికలో చోటెందుకని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. తెలుగు సాహిత్యం బోధించేవాడికి ఈ ఇంజన్ల గొడవ ఎందుకని కూడా అనిపించవచ్చు. అయితే ఈ ప్రశ్నకు 130 సంవత్సరాలకు పైబడిన చరిత్ర వున్నది. యంత్రాన్ని గురించిన జ్ఞానం ఎవరి చేతిలో వుండాలి, ఆ జ్ఞానంతో పనిచేసేవాడికి సమాజంలో ఏ స్థానం వుండాలి అన్న తగాదా ఆ చరిత్ర పొడుగునా సాగుతూనే వచ్చింది. కూలి లెక్క ఒక్కటే చూసుకునేవారికి అందులో సగం మాత్రమే కనబడుతుంది.

ఆ చరిత్రలో మొదటి అధ్యాయం ఒక స్త్రీది కావడం గమనించదగిన విషయం. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కుమారులను వెంటబెట్టుకుని, భర్త కార్ల్ బెంజ్‌కు చెప్పకుండా, ఆయన తయారుచేసిన మూడుచక్రాల మోటారుబండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుండి ఫోర్ట్స్‌హైమ్‌కు బయలుదేరింది. దూరం నూరు కిలోమీటర్లకు పైచిలుకు. అంత దూరం అంతకుముందు ఏ మోటారుబండీ పోలేదు. దారిలో ఇంధనం వచ్చే గొట్టం పూడుకుపోతే తన టోపీసూదితో పొడిచి శుభ్రం చేసింది. విద్యుత్తు తీగ పైపూత అరిగిపోతే మేజోడు పట్టీ చుట్టి సరిచేసింది. బ్రేకుల చెక్కదిమ్మలు అరిగిపోయినప్పుడు మాత్రం ఒక చెప్పులు కుట్టేవాడి దగ్గర ఆగి, వాటికి తోలు కొట్టించుకున్నది. ఇంధనం అయిపోతే వీస్‌లోహ్ అనే వూళ్ళో మందులషాపులో లిగ్రాయిన్ అనే ద్రావకం కొని పోసింది.

సొంతంగా చేసుకోవడం, పనివాడిచేత చేయించుకోవడం అనే రెండు మార్గాలూ ఆ ఒక్క ప్రయాణంలోనే వున్నాయి. బెర్తా బెంజ్ ఆ రెంటినీ పరస్పర విరుద్ధాలుగా చూడలేదు. తన చేతికి అందినది తాను చేసింది. తోలుపని తెలిసినవాడి చేత తోలుపని చేయించింది. ఆ చెప్పులు కుట్టేవాడికి మోటారుబండి అంటే ఏమిటో తెలియకపోవచ్చు. కాని తరతరాలుగా వచ్చిన అతని పనితనం లేకుండా ఆ కొత్త యంత్రం కొండ దిగగలిగేది కాదు. యంత్రయుగం పాత చేతివృత్తులను తుడిచిపెట్టిందన్నది నిజమే. అయితే తుడిచిపెట్టకముందు వాటి భుజాలమీదనే నిలబడిందన్నదీ అంతే నిజం.

20వ శతాబ్దపు తొలి దశకంలో కారు ధనికుల వినోదవస్తువుగా వుండేది. దానిని నడపడానికీ, తుడవడానికీ, రోడ్డుమీద ఆగిపోతే విప్పి బిగించడానికీ ఒక జీతగాణ్ణి పెట్టుకునేవారు. అతనికి 'షోఫర్' అని పేరు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు అర్థం కొలిమికి మంట వేసేవాడని. ఆవిరియంత్రాలనాటి పదం మోటారు నడిపేవాడికి అంటుకున్నది. బండి తోలేవాడితో వ్యవహరించినట్లే ఇతనితోనూ వ్యవహరించవచ్చునని యజమానులు తలచారు. కాని గుర్రాన్ని గురించి యజమానికి ఎంతోకొంత తెలుసు. ఇంజనును గురించి ఏమీ తెలియదు. ఏ భాగం పోయిందో, ఎంత ఖర్చవుతుందో జీతగాడు చెప్పినదే ప్రమాణం. షోఫర్లు గరాజులవారితో కుమ్మక్కై కమీషన్లు తింటున్నారనీ, యజమాని లేనప్పుడు షికార్లు చేస్తున్నారనీ ఆనాటి అమెరికన్ పత్రికలలో ఫిర్యాదులు మొదలైనాయి. ఆ ఫిర్యాదులలో కొంత నిజం వుండవచ్చు. అసలు బాధ మాత్రం వేరు. ఆస్తి యజమానిది, ఆ ఆస్తిని గురించిన జ్ఞానం సేవకుడిది. తన సేవకుడిమీద ఆధారపడవలసి రావడం ధనికవర్గానికి అవమానంగా తోచింది. వై.ఎం.సి.ఏ. వంటి సంస్థలు మోటారు బడులు పెట్టి కొత్త డ్రైవర్లనూ, మెకానిక్కులనూ తయారుచేయడం, యజమానులు స్వయంగా ఇంజను పాఠాలు నేర్చుకోవడం ఈ కాలంలోనే జరిగినాయి. 1909లో ఇంగ్లండులో డొరొతీ లెవిట్ అనే మోటారు పందెగత్తె స్త్రీలకోసం కారు నడపడం, దాని బాగోగులు చూసుకోవడం నేర్పే పుస్తకం ప్రచురించింది. వెనుకనుంచి వచ్చే బండ్లను చూడటానికి చేతి అద్దం ఒకటి దగ్గర వుంచుకోమని అందులో సలహా ఇచ్చింది. ఇంజను పని మగవాడి పని అన్న అభిప్రాయం అప్పటికింకా పూర్తిగా గట్టిపడలేదనడానికి ఇది నిదర్శనం.

పరిస్థితిని మూలమట్టంగా మార్చినది 1908లో వచ్చిన ఫోర్డు 'మోడల్ టి'. మొదట సుమారు 850 డాలర్లున్న దాని ధర 1925 నాటికి 260 డాలర్లదాకా దిగింది. 1927లో తయారీ ఆపేసేనాటికి కోటీ 50 లక్షలకు పైగా బండ్లు తయారైనాయి. కొన్నవారిలో ఎందరో రైతులు. వాళ్ళ పల్లెలకు దగ్గరలో గరాజు వుండేది కాదు. వున్నా, నాగలినీ కోతయంత్రాన్నీ తానే బాగుచేసుకునే రైతు కారును మరొకడికి అప్పగించడం సహజం కాదు. ఆ బండి నిర్మాణమూ అందుకు అనుకూలంగానే వుండేది. ఇంధనపు పంపు లేదు. టాంకునుండి పెట్రోలు దానంతటదే కిందికి జారేది. అందుచేత టాంకులో పెట్రోలు తక్కువగా వున్నప్పుడు నిటారు మిట్టలను వెనుకగేరులో ఎక్కవలసివచ్చేది. గేర్లలోని పట్టీలు అరిగితే మూత తీసి పానాతో బిగించుకోవచ్చు. చమురు వున్నదో లేదో ఇంజను అడుగున రెండు చిన్న కుళాయిలు తిప్పి చూసుకోవచ్చు. వెనుకచక్రాన్ని పైకెత్తి దానికి బెల్టు తగిలించి రంపం తిప్పినవారూ, నీళ్ళు తోడినవారూ వున్నారు. బండిని మొత్తంగా అర్థంచేసుకున్నవాడే దానిని మరో పనికి మళ్ళించగలడు.

ఇదే సమయంలో ఆ బండి పుట్టిన చోట ఏమి జరుగుతున్నదో చూడాలి. 1913లో ఫోర్డు హైలండ్ పార్కు కర్మాగారంలో కదిలే అసెంబ్లీ వరుస ప్రారంభమైంది. అంతకుముందు ఒక చాసిస్‌ను బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది. 1914 నాటికి అది 93 నిమిషాలకు దిగింది. ఒకడు నట్టు పెడతాడు, మరొకడు బిగిస్తాడు. ఇద్దరికీ బండి మొత్తం తెలియవలసిన అవసరం లేదు. ఆ పనిలో మనుషులు నిలవలేదు. 1913లో కార్మికుల మార్పిడి 370 శాతమని లెక్క తేలింది. అంటే ఒక చోటును ఏడాది పొడుగునా నింపి వుంచడానికి దాదాపు నలుగురిని కొత్తగా తీసుకోవలసివచ్చిందన్నమాట. 1914 జనవరిలో ఫోర్డు ప్రకటించిన 5 డాలర్ల దినవేతనాన్ని అతని ఔదార్యంగా చెప్పుకోవడం ఆనవాయితీ. పారిపోయే కార్మికుణ్ణి పట్టి నిలుపుకోవడానికి చెల్లించిన ధర అది.

అందుచేత ఒకే యంత్రం విషయంలో రెండు పరస్పర విరుద్ధ పరిణామాలు మనకు కనిపిస్తున్నాయి. ఆ బండిని తయారుచేసే కార్మికుడికి అందులో ఒక్క బోల్టు తప్ప తెలియదు. ఆ బండిని వాడే రైతుకు అందులో ప్రతి బోల్టూ తెలుసు. యంత్రాన్ని కార్మికుడు నడపడంపోయి, కార్మికుడే యంత్రానికి తోకగా మారిపోతాడని మార్క్సు 1867లో చెప్పిన మాటకు హైలండ్ పార్కు నిలువెత్తు సాక్ష్యం. ఆలోచననూ చేతిపనినీ విడదీసి, ఆలోచనను యాజమాన్యం తనదగ్గర వుంచుకోవడమే 20వ శతాబ్దపు శ్రమచరిత్ర అని 1974లో హారీ బ్రేవర్‌మన్ తన 'లేబర్ అండ్ మోనోపొలీ కాపిటల్' గ్రంథంలో నిరూపించాడు. ఆయన చూపు కర్మాగారంమీద నిలిచింది. కర్మాగారంలో పోగొట్టుకున్న ఆ సమగ్రజ్ఞానం మరమ్మతుచేసేవాడి చేతిలో మరి కొంతకాలం బతికివుండగలిగిందని నేను దానికి చేర్చదలచుకున్నాను. కూర్పరి ముక్కనే చూస్తాడు. మరమ్మతుదారు మొత్తాన్ని చూడక తప్పదు. ఎక్కడ చెడిందో ముందుగా ఎవరూ చెప్పరు గనుక.

అయితే ఆ రైతు స్వాతంత్ర్యాన్ని చూసి మురిసిపోనవసరం లేదు. సామాను బయట కొనాలి. 1919లో జనరల్ మోటార్సు కంపెనీ వాయిదాలమీద కార్లు అమ్మడానికి ప్రత్యేకంగా ఒక రుణసంస్థను పెట్టింది. 1920లలో యేటేటా కొత్త నమూనా తేవడం వ్యాపారసూత్రమైంది. బాగుచేసుకుని ఇరవై ఏళ్ళు నడుపుకునేవాడు వ్యాపారికి పనికిరాడు. మూడేళ్ళకొకసారి మార్చేవాడే కావాలి. తన బండిని తానే బాగుచేసుకునే మనిషి అప్పటినుంచి అమ్మకాలకు అడ్డంగా నిలిచిన మనిషి అయినాడు.

పెట్టుబడిదారీ దేశాలలో ఇట్లా జరిగితే సోషలిస్టు దేశాలలో ఏమైందని విద్యార్థిమిత్రులు అడగడం న్యాయమే. సోవియట్ యూనియన్ 1929లో ఫోర్డు కంపెనీతోనే ఒప్పందం చేసుకుని, 1932లో నీజ్నీ నొవ్‌గొరొద్‌లో కార్లు, లారీలు తయారుచేసే కర్మాగారాన్ని ప్రారంభించింది. సొంతకారు సామాన్యుడికి అందుబాటులోకి రావడం చాలా ఆలస్యంగా, 1970లో తొల్యాత్తి కర్మాగారంలో జిగులీ కార్లు మొదలైన తరువాతనే జరిగింది. ఉత్పత్తిలో చూపిన శ్రద్ధ మరమ్మతు కేంద్రాలమీద, విడిసామానుమీద చూపలేదు. ఫలితంగా అక్కడి కారు యజమాని ఇంజనీరైనా, ఉపాధ్యాయుడైనా తన బండికి తానే మెకానిక్కు కావలసివచ్చింది. బండి నిలిపినప్పుడు అద్దం తుడిచే వైపర్లను దొంగలు పట్టుకుపోకుండా విప్పి ఇంటికి తీసుకుపోయేవారు. చాలామందికి యంత్రజ్ఞానం వచ్చింది. అయితే అది ప్రణాళికలో భాగంగా వచ్చింది కాదు. ప్రణాళికలోని లోటును పూడ్చుకోవడానికి వచ్చింది. ఈ మాట చెప్పడానికి అభ్యుదయవాదులు సంకోచించవలసిన పనిలేదు.

క్యూబా అనుభవం కొంత భిన్నం. 1960 దశకారంభంలో అమెరికా విధించిన వాణిజ్య దిగ్బంధంతో ఆ దేశానికి అమెరికన్ కార్లూ, వాటి సామానూ రావడం ఆగిపోయింది. అప్పటికే అక్కడున్న షెవ్రోలెలూ, ఫోర్డులూ, బ్యూయిక్కులూ అరవై యేళ్ళు దాటినా రోడ్లమీద తిరుగుతూ వచ్చాయి. ఒక అమెరికన్ కారు తొడుగులో రష్యన్ లాడా ఇంజను వుండటం అక్కడ వింత కాదు. దొరకని భాగాన్ని లేతుమీద తిప్పి తయారుచేసుకున్నారు. కర్మాగారాలలో ఇటువంటి కల్పనలు చేసే కార్మికులకోసం 1976లో ఒక జాతీయసంఘమే ఏర్పడింది. విడిసామాను కొరతను తీర్చే కార్మికుడి బుద్ధికి అక్కడ ప్రభుత్వం పేరుపెట్టి గౌరవమిచ్చింది. యాత్రికులు ఫోటోలు తీసుకుని ఆ కార్ల అందాన్ని మెచ్చుకుంటారు. ఆ అందం వెనుక వున్నది నిర్బంధం. 2011 దాకా అక్కడ స్వేచ్ఛగా కొనుక్కోవడానికీ అమ్ముకోవడానికీ వీలైనవి విప్లవానికి ముందునాటి ఆ పాతకార్లే. గత్యంతరం లేక నేర్చుకున్న విద్యనూ, ఇష్టపడి నేర్చుకున్న విద్యనూ ఒక్కటిగా చూడటం పొరపాటు.

ఇక మన దేశానికి వద్దాం. ఇక్కడ కథ మరో మలుపు తిరిగింది. జనరల్ మోటార్సు 1928లో బొంబాయిలో విదేశీ భాగాలతో కార్లు బిగించే కర్మాగారం పెట్టింది. తరువాత ఫోర్డూ వచ్చింది. స్వాతంత్ర్యానంతరం, దేశంలోనే తయారీ చేపట్టేవారికి తప్ప అనుమతి వుండదన్న విధానం 1953లో ఖాయం కాగా ఆ రెండు కంపెనీలూ వెళ్ళిపోయాయి. వాటి బండ్లు మాత్రం ఇక్కడే వుండిపోయాయి. ఆపైన చాలాకాలం మన మధ్యతరగతికి తెలిసిన కార్లు వేళ్ళమీద లెక్కించదగినవే: 1957లో వచ్చిన అంబాసిడరు, బొంబాయిలో తయారైన ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డు. కొత్తకారుకు పేరు నమోదు చేసుకుని యేళ్ళతరబడి ఎదురుచూడాలి. పాతదానిని పారవేసే ప్రసక్తి లేదు. పాతబండి నడవవలసిందే, దానిని నడిపించేవాడు కావలసిందే.

ఆ కాలపు మనిషిని రిత్విక్ ఘటక్ 1958లో తీసిన 'అజాంత్రిక్' అనే బెంగాలీ చిత్రంలో చూడవచ్చు. సుబోధ్ ఘోష్ కథ ఆధారంగా తీసిన ఆ చిత్రంలో బిమల్ అనే టాక్సీ డ్రైవరుకు తన డొక్కు షెవ్రోలె కారే సంసారం. దానికి జగద్దల్ అని పేరు పెట్టుకుంటాడు, దానితో మాట్లాడతాడు, చేతిలోని డబ్బంతా పోసి సామాను కొని తానే బాగుచేస్తాడు. చివరకు అది ఇక కదలదని తేలినప్పుడు తుక్కు కింద అమ్ముడుపోతుంది. ప్రజానాట్య ఉద్యమంలోనుంచి వచ్చిన ఘటక్ ఆ డ్రైవరును పిచ్చివాడిగా చూపలేదు. తన ఉత్పత్తిసాధనాన్ని తన చేతులతో ఎరిగిన మనిషిగా చూపించాడు. ఆ ఎరుక ఎంత గొప్పదో, ఒంటరిగా వున్నప్పుడు ఎంత నిస్సహాయమో కూడా చూపించాడు.

బిమల్ డ్రైవరు. కాని కారు సొంతమైన వకీలూ, డాక్టరూ, ప్రొఫెసరూ మన దేశంలో కారు కింద దూరలేదు. అమెరికాలో వారి సాటివారు ఆదివారంనాడు గరాజులో చొక్కా విప్పి పనిచేసుకుంటుంటే ఇక్కడ ఎందుకు చేసుకోలేదు? ఇక్కడ మెకానిక్కు కూలి చౌక గనుక, అక్కడ ఖరీదు గనుక అన్నది పైకి కనిపించే జవాబు. ఆ కూలి ఎందుకు చౌక అయింది అన్నది అసలు ప్రశ్న. చేతికి నూనె అంటే పనిని కులవ్యవస్థ వేల యేళ్ళుగా నీచమైన పనిగా నిర్ణయించింది. కమ్మరం, వడ్రంగం వృత్తులుగా వున్న కుటుంబాలనుంచీ, పేద ముస్లిం కుటుంబాలనుంచీ పిల్లలు షెడ్లలోకి వచ్చారు. మేస్త్రీ దగ్గర పదేళ్ళ కుర్రవాడు పానాలు అందించడంతో మొదలుపెట్టేవాడు. ఏ నంబరు పానా అడిగితే అది చూడకుండానే చేతిలో పెట్టడం అతని మొదటి పాఠం. తిట్లూ దెబ్బలూ తింటూ, టీలు మోస్తూ, ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పేదాకా ఎదిగేవాడు. చాలాచోట్ల అతనికి జీతం బదులు తిండీ, వారానికి కొంత చేతిఖర్చూ. 14 యేళ్ళలోపు పిల్లలను ఇటువంటి షెడ్లలో పనికి పెట్టడాన్ని తరువాతి కాలంలో చట్టం నిషేధించింది. అంతకుముందు తరాల మేస్త్రీలలో ఎందరో బాల్యాన్ని ఆ షెడ్లలోనే పోగొట్టుకున్నారు. మనకు మరమ్మతు చౌకగా దొరకడం వెనుక ఒక కులమూ, ఒక బాల్యమూ ఖర్చయినాయి. 'మనమే చేసుకోవడంకన్నా చేయించుకోవడమే లాభం' అని లెక్క వేసే మధ్యతరగతివాడు ఆ లెక్కలో ఈ పద్దు రాయడు.

విజయవాడ జవహర్ ఆటోనగరులో ఒక పూట తిరిగినవారికి ఈ శ్రామికవర్గం ఎంత జ్ఞానాన్ని కూడబెట్టిందో అర్థమవుతుంది. ఒకచోట లారీలకు బాడీలు కడతారు. మరొకచోట కమాను కట్టలు సరిచేస్తారు. ఒకడు రేడియేటర్లు మాత్రమే అతుకుతాడు, ఒకడు డీజిలు పంపులు మాత్రమే చూస్తాడు, ఒకడు డైనమోలూ సెల్ఫ్ మోటార్లూ చుడతాడు. హైలండ్ పార్కులోనూ శ్రమవిభజన వున్నది, ఇక్కడా వున్నది. అయితే అక్కడి విభజన పనివాడి చేతిలోంచి జ్ఞానాన్ని లాక్కున్నది. ఇక్కడి విభజనలో ప్రతివాడికీ తన భాగం మొదలంటా తెలుసు. ఈ జ్ఞానాన్ని మన విశ్వవిద్యాలయాలు జ్ఞానంగా గుర్తించలేదు. దీనికి పాఠ్యగ్రంథం లేదు, పట్టా లేదు. భాషాశాస్త్రం చదివినవారు కూడా ఆ షెడ్లలో పుట్టిన పదజాలాన్ని ఏరి నిఘంటువు కట్టడానికి చాలినంత శ్రద్ధ చూపలేదు.

1983 డిసెంబరులో మారుతీ 800 రావడంతో కొత్తఘట్టం మొదలైంది. 2000 ప్రాంతంనుంచి కాలుష్య నిబంధనలు కఠినమైనకొద్దీ కార్బురేటరు తొలగిపోయి, ఇంజనుకు ఎంత ఇంధనం వెళ్ళాలో నిర్ణయించే ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చింది. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్ స్టేజ్ 6 నియమాలతో ఆ ఏర్పాటు మరింత జటిలమైంది. దీనినంతా కంపెనీల కుట్ర అనడం సరికాదు. పొగ తగ్గింది, ఇంధనం ఆదా అయింది, ప్రమాదంలో ప్రాణం కాపాడే సాధనాలు వచ్చాయి. యంత్రం జటిలం కావడం వేరు, యంత్రానికి తాళం వేయడం వేరు. జటిలమైనదానిని నేర్చుకోవచ్చు. తాళం వేసినదానిని నేర్చుకోవడానికి వీలుండదు. లోపం చెప్పే స్కానరూ, దాని సాఫ్ట్‌వేరూ, మరమ్మతు పుస్తకమూ, అసలు సామానూ తమ అధీకృత కేంద్రాలకు తప్ప మరెవరికీ ఇవ్వబోమనడమే ఆ తాళం.

ఈ మాట నా కల్పన కాదు. 2014 ఆగస్టులో మన దేశపు కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలమీద ఇచ్చిన తీర్పులో ఇదే తేల్చింది. విడిసామానునూ, మరమ్మతుకు కావలసిన పరికరాలనూ, సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు అందనీయకపోవడం పోటీ చట్టానికి విరుద్ధమని చెప్పి, మొత్తం 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా వేసింది. తరువాత ఆ వ్యవహారం అప్పీళ్ళలోకీ, న్యాయస్థానాలలోకీ పోయింది. జరిమానా సంగతి ఎట్లా వున్నా, ఆ కమిషన్ బయటపెట్టిన పద్ధతులు మన రోడ్డుపక్క షెడ్డు ఎందుకు కుంగిపోతున్నదో చెబుతాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రప్రజలు 2012లోనూ, 2020లోనూ ఓటుద్వారానే మరమ్మతు హక్కును కోరారు. రెండవసారి సుమారు 75 శాతం మంది అనుకూలంగా ఓటు వేశారు. మన కేంద్రప్రభుత్వం 2022 జూలైలో ఈ విషయంపై ఒక కమిటీని వేసి, అదే సంవత్సరం డిసెంబరు 24న ఒక పోర్టల్ ప్రారంభించింది. కంపెనీలు తమంతట తాము సమాచారం పెట్టే పోర్టల్‌కూ, సమాచారం ఇచ్చితీరాలనే చట్టానికీ ఎంతో తేడా వున్నది.

తాళం ఫలితం నిత్యజీవితంలో ఎట్లా వుంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాను. నా పాతకారులో బ్యాటరీ చార్జి కావడం మానేసింది. అధీకృత కేంద్రంలో చూపిస్తే ఆల్టర్నేటరు మొత్తం మార్చాలన్నారు; విడగొట్టి బాగుచేసే పద్ధతి తమకు లేదన్నారు. మా వూరి ఆటో ఎలక్ట్రీషియన్ దానిని విప్పి, లోపల అరిగిపోయిన రెండు కార్బన్ బ్రష్షులు మార్చాడు. ఆల్టర్నేటరు మళ్ళీ పనిచేసింది. అధీకృత కేంద్రంలోని కుర్రవాడు మోసగాడని నేను అనను. అతనికి విప్పడం నేర్పలేదు, విప్పే అధికారం ఇవ్వలేదు. తెర చూసి, పాతది తీసి, కొత్తది బిగించడమే అతని వుద్యోగం. హైలండ్ పార్కులో 1913లో కూర్పరికి జరిగినదే ఇప్పుడు మరమ్మతుదారుకు జరుగుతున్నది. వంద సంవత్సరాలు ఆలస్యంగానైనా అసెంబ్లీ వరుస గరాజులోకి వచ్చింది.

కనుక, మనమే చేసుకోవాలా, చేయించుకోవాలా అన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు వెతుక్కుందాం. స్వయంసేవను పరమధర్మంగా ప్రచారం చేసే ధోరణి ఒకటి వున్నది. ఎవరికి వారే చాలునన్న చిన్న ఆస్తిదారు కల అది. అందరి యంత్రాలూ అందరూ బాగుచేసుకోనవసరం లేదు. శ్రమవిభజన మానవుడు సాధించిన విజయాలలో ఒకటి. డబ్బు పారేస్తే పని అవుతుంది, మనకెందుకు అనే ధోరణి రెండవది. అందులో చేతిపనిమీద చిన్నచూపు దాగివుంటుంది. ఈ రెంటికీ మధ్య బెర్తా బెంజ్ పాటించిన పద్ధతి నాకు సమంజసంగా తోస్తుంది. శ్రద్ధతో తీరే పనులు మనవి: టైర్లలో గాలి, ఇంజను ఆయిలు, కూలెంటు మట్టం, బ్యాటరీ కొసలకు పట్టిన చిలుము, గాలి వడపోసే ఫిల్టరు, స్టెప్నీ మార్చడం. ఇవి స్త్రీపురుష భేదం లేకుండా బండి నడిపే ప్రతివారికీ తెలియాలి. నైపుణ్యం లేకపోతే ప్రాణం మీదికి వచ్చే పనులు నేర్చినవారివి: బ్రేకులు, స్టీరింగు, ఎయిర్ బ్యాగులు, ఎలక్ట్రిక్ కార్లలోని వందల వోల్టుల బ్యాటరీ. జాకీమీద మాత్రమే నిలిపిన బండి కిందికి దూరడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం. నేర్చినవారిచేత చేయించుకున్నప్పుడు పక్కన నిలబడి చూడాలి, ఏమి చేశారో అడిగి తెలుసుకోవాలి, బేరమాడకుండా పూర్తికూలి ఇవ్వాలి. తానే ఒకసారి ఫిల్టరు విప్పి చూసినవాడికి మేస్త్రీ పనికి విలువ కట్టడం తెలుస్తుంది. మన చేతులతో పనిచేయడంవల్ల మిగిలే రూపాయలకన్నా ఈ ఎరుక ముఖ్యమైనది.

కాని వ్యక్తుల మంచి నడవడితో తీరే సమస్య కాదిది. తయారీదారులు మరమ్మతు సమాచారాన్నీ, పరికరాలనూ న్యాయమైన ధరకు ఎవరికైనా ఇచ్చితీరాలనే చట్టం రావాలి. ఐ.టి.ఐ.లు, పాలిటెక్నిక్కులు సాయంత్రపు తరగతులు పెట్టి, షెడ్లలో యేళ్ళుగా పనిచేసినవారికి ఎలక్ట్రానిక్ వ్యవస్థలూ, ఎలక్ట్రిక్ బండ్లూ తెలుగులో నేర్పాలి. వారికున్న విద్యను పరీక్షించి పట్టా ఇవ్వాలి. ఆ పాఠాలకు తెలుగు కావాలంటే తెలుగు చదివినవాళ్ళం షెడ్లకు వెళ్ళి, మేస్త్రీల నోటిమాటలు రాసుకుని, పాఠ్యగ్రంథాల భాషను వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. ఎలక్ట్రిక్ బండ్లు పెరిగినకొద్దీ పెట్రోలు ఇంజనునే నమ్ముకున్న లక్షలాది చేతులు పనిలేక నిలబడే ప్రమాదం వున్నది. వారికి కొత్తవిద్య అందుతుందా, లేక వారు జగద్దల్ మాదిరిగా తుక్కుకింద లెక్కకు వస్తారా అన్నది మరికొన్ని సంవత్సరాలలో తేలిపోతుంది. కారు వున్నవారూ, కారు బాగుచేసేవారూ ఆ తాళం విషయంలో ఒకే పక్షమని గుర్తించి, కలిసి అడగవలసిన సమయమిది.